క్వాంటల్ కంటెంట్ (ఒక్కో ప్రేరణకు నాడి కొస విడుదల చేసే రసాయన పొట్లాల సగటు సంఖ్య) రెండు పద్ధతుల్లో రెండు రకాలుగా వస్తోంది, ఎందుకు?

కప్ప సార్టోరియస్ కండరంలో, నాడి కండరాన్ని కలిసే చోట రికార్డింగ్ ఇది. రింగర్ ద్రావణంలో కాల్షియం 1.8 నుంచి 0.4 మిల్లీమోలార్‌కు తగ్గించి, మెగ్నీషియం 6 కలిపాం. సెకనుకు ఒకటి చొప్పున 200 ప్రేరణలిస్తే 60 సార్లు స్పందనే లేదు. స్పందన లేని ఈ ఖాళీల సంఖ్య నుంచి క్వాంటల్ కంటెంట్ కట్టే పాయిసాన్ లెక్కన అది 200/60కి సహజ లాగరిథమ్, అంటే 1.2. కానీ ఖాళీలతో కలిపి సగటు ఎండ్‌ప్లేట్ పొటెన్షియల్ (ప్రేరణకు కండరంలో వచ్చే వోల్టేజి మార్పు) 0.9 మిల్లీవోల్టులు, మినియేచర్ (ప్రేరణ లేకుండానే ఒక్క పొట్లం వల్ల వచ్చే చిన్న స్పందన) సగటు 0.5, భాగిస్తే 1.8. ఇంత తేడానా!

చిన్న మినియేచర్లు నాయిస్‌లో కలిసిపోయాయనుకుంటే అసలు సగటు 0.5 కన్నా తక్కువే ఉండాలి, అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే అనుమానం ఖాళీల మీదే. చిన్న స్పందనల్ని ఖాళీలుగా లెక్కేస్తున్నామా, లేక నాడిలో యాక్షన్ పొటెన్షియల్ (విద్యుత్ సంకేతం, అంటే స్పైక్) అప్పుడప్పుడు పుట్టడమే లేదా? ప్రేరణ వోల్టేజి త్రెషోల్డ్‌కు ఒకటిన్నర రెట్లు. నాడి కొస దగ్గర బయటి ఎలక్ట్రోడ్ పెట్టి స్పైక్ చూస్తే ఈ రెండింటినీ విడదీయొచ్చా? చేసినవాళ్లు చెప్పండి.