మోటర్‌హోమ్ బాత్రూం 24 x 36 అంగుళాలు సరిపోతుందా?

మాది నల్గొండ. సాగర్, సోమశిల, శ్రీశైలం వైపు తిరగడానికి సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ (లోపలే మంచం, బాత్రూం ఉండే బండి) చూస్తున్నాం, బాత్రూం దగ్గరే తేలడం లేదు. రెండు బండ్లు నచ్చాయి. ఒకదాంట్లో కమోడ్, షవర్ ఒకే గదిలో, లోపలి కొలత 24 x 36 అంగుళాలు. రెండోదాంట్లో షవర్ విడిగా, కానీ 24 x 24 మాత్రమే, పైగా దానికోసం మంచం 5 అడుగుల 6కి కోసేశారు.

నాన్నది 5 అడుగుల 10 ఎత్తు, మోకాళ్ళ నొప్పులు, నిలబడి స్నానం చేయలేరు. అందుకని ఇంట్లో సుద్దతో గీసి, చుట్టూ అట్టపెట్టెలు నిలబెట్టి, స్టూల్ వేసి ఆయన్ని కూర్చోబెట్టి చూశాం. 24 x 24లో వీపు రుద్దుకుంటే మోచేయి అట్టకు తగులుతోంది, పడ్డ సబ్బు తీయడానికి వంగితే తల కూడా. పెద్దదాంట్లో కమోడ్ మూత మీద కూర్చుంటే కాస్త నయమే, కానీ అట్ట వంగుతుంది, ఫైబర్ గోడ వంగదు కదా! బండిలో బాత్రూం ఎత్తు టేపుతో కొలిస్తే, కింద ఉండే షవర్ ట్రే మందం పోగా 5 అడుగుల 11 తేలింది. అమ్మేవాళ్ళనడిగితే "అందరూ ఇదే వాడుతున్నారు సార్" అంటారు తప్ప ఇంకో మాట లేదు. తలుపు బయటికే తెరుచుకుంటుంది, ఆ టెన్షన్ లేదు.

పెద్దవాళ్ళతో ఇలాంటి బండిలో తిరిగినవాళ్ళు చెప్పండి, 24 x 36 గదిలో కమోడ్ మీద కూర్చుని ఇబ్బంది లేకుండా రోజూ స్నానం చేయొచ్చా?