హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) పక్కనపెట్టి చెప్పండి: బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల్లో) మీరు మర్చిపోలేనిది ఏది?

కోట జంక్షన్, విజయనగరం:
విజ్జీ (భారత క్రికెట్ కెప్టెన్‌గా చేసిన మన రాజకుమారుడు) పుట్టించిన క్రికెట్ పిచ్చి ఉన్న ఊరు మాది, ఇక్కడ బేస్‌బాల్ పేరెత్తితే "అదేటి, అన్నీ ఫుల్‌టాస్‌లేనా?" అని నవ్వుతారు. కానీ అమెరికాలో పనిచేసి వచ్చినవాళ్లు, పిల్లల దగ్గర ఆర్నెల్లుండి ఈ ఆట అలవాటైనవాళ్లు మన రెండు జిల్లాల్లో ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. దసరా, సిరిమానోత్సవం రోజుల్లోనే తెల్లవారి అయిదున్నరకి ప్లేఆఫ్స్ కూడా వస్తాయి కదా.

నా ఓటు 2004లో రెడ్ సాక్స్ ఆటగాడు డేవ్ రాబర్ట్స్‌కి. యాంకీస్ చేతిలో రెడ్ సాక్స్ వరసగా మూడు ఓడింది, మూడోది మరీ 19-8. ఇంకొకటి ఓడితే ఇంటికే. నాలుగో మ్యాచ్ ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 4-3తో యాంకీస్ ముందుంది, బంతి వాళ్ల పిచర్ (బౌలర్ లాంటివాడు) మరియానో రివేరా చేతిలో. రెడ్ సాక్స్ బ్యాటర్ మిలార్‌కి వాక్ (నాలుగు బంతులు గురి తప్పితే ఉచితంగా ఫస్ట్ బేస్) రాగానే అతని బదులు రాబర్ట్స్‌ని పరిగెత్తడానికి దించారు. ఇతను రెండో బేస్ స్టీల్ చేయడానికే (బంతి వేస్తుండగానే పరిగెత్తి ఆ బేస్ పట్టడానికే) వచ్చాడని స్టేడియం మొత్తానికీ తెలుసు. రివేరా మూడుసార్లు ఫస్ట్ బేస్‌కి విసిరి బెదిరించాడు. అయినా బ్యాటర్‌కి వేసిన మొదటి బంతికే రాబర్ట్స్ లగెత్తాడండీ! యాంకీస్ క్యాచర్ (వికెట్‌కీపర్ లాంటివాడు) పొసాడా త్రో బాగానే వచ్చింది, రెండో బేస్ దగ్గర జీటర్ గ్లవ్ తగిలేలోపు చెయ్యి బేస్ మీద పడింది. తర్వాత మ్యూలర్ సింగిల్ (ఒక బేస్ దక్కే దెబ్బ), రాబర్ట్స్ పరుగు, స్కోరు సమం, 12వ ఇన్నింగ్స్‌లో ఒర్టిజ్ హోమ్ రన్‌తో రెడ్ సాక్స్ గెలుపు. పేరంతా ఒర్టిజ్‌కే పోయింది.

నాగావళి గట్టు:
హోమ్ రన్ వద్దన్నారు గానీ 1988 వరల్డ్ సిరీస్ (ఫైనల్)లో డాడ్జర్స్ ఆటగాడు కిర్క్ గిబ్సన్‌ని ఎలా వదిలేస్తాం బాబూ? రెండు కాళ్లూ పాడై సరిగ్గా నడవలేని మనిషి, మొదటి మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక (మూడో అవుట్‌తో ఆట ముగిసినట్టే), 4-3తో వెనకబడి ఉండగా బ్యాటు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. ఎదురుగా పిచర్ ఎకర్స్‌లీ. 3-2 (మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్; ఇంకో స్ట్రైక్ పడితే అవుట్) దాకా లాగి స్లైడర్‌ని (పక్కకి తిరిగే బంతిని) అవతల పారేశాడు, డాడ్జర్స్ 5-4తో గెలిచింది. ఆ సిరీస్ మొత్తంలో ఆయన బ్యాటింగ్‌కి దిగింది ఆ ఒక్కసారే.

పలాస:
నాకు 1986 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో రెడ్ సాక్స్ ఫస్ట్ బేస్ ఫీల్డర్ బక్నర్ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బంతి కాళ్ల సందులోంచి పోయిందని ఏళ్ల తరబడి తిట్టారు. అసలు జరిగిందేమిటి? పదో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ 5-3 ముందుంది, మెట్స్‌వాళ్లు ఇద్దరు అవుట్, బేస్‌ల మీద ఎవరూ లేరు. అక్కణ్నించి వరసగా మూడు సింగిల్స్ ఇచ్చారు, ఆపైన పిచర్ స్టాన్లీ వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందని బంతి) వేసి 5-5 చేసేశాడు. ఆ తర్వాతే మెట్స్ బ్యాటర్ మూకీ విల్సన్ కొట్టిన బంతి బక్నర్ దగ్గరికొచ్చింది, అంటే అప్పటికే ఆధిక్యం పోయింది. పైగా అంతకుముందు గెలిచిన మ్యాచ్‌ల చివర్లో చీలమండలు బాగోని ఆయన్ని తీసి స్టేపుల్టన్‌ని దించేవారు, ఆ రోజు మేనేజర్ ఎందుకు దించలేదు? ఏడో మ్యాచ్‌లో 3-0 ముందుండి ఓడింది కూడా బక్నర్ వల్లేనా? కెరీర్లో 2,715 హిట్లు కొట్టిన మనిషి. 2008లో రెడ్ సాక్స్ సొంతూరు బోస్టన్‌లో ఆటకి ముందు లాంఛనంగా మొదటి బంతి వేయడానికి పిలిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఇరవై రెండేళ్లు పట్టింది.

బొబ్బిలి కోడలు:
2016 వరల్డ్ సిరీస్‌లో కబ్స్ ఏడో మ్యాచ్. దీపావళి వెళ్లిన నాలుగో రోజు, గురువారం, వంట మానేసి మరీ చూశాను. అందరూ 17 నిమిషాల వాన బ్రేక్ గురించే మాట్లాడతారు. నాకు నచ్చింది 39 ఏళ్ల కబ్స్ క్యాచర్ డేవిడ్ రాస్. మధ్యలో దిగగానే బంతి మాస్క్‌కి తగిలి పక్కకి పోయింది, ఆ ఒక్క బంతికే ఎదుటి జట్టుకి రెండు పరుగులు. మరుసటి ఇన్నింగ్స్‌లోనే హోమ్ రన్ కొట్టాడు, అదీ తన ఆఖరి మ్యాచ్‌లో.

కోట జంక్షన్:
@పలాస, స్టేపుల్టన్ ప్రశ్నకి జవాబు లేదన్నా. @బొబ్బిలి కోడలు, రూలు మీరూ తప్పారు, సరే, రాస్‌కి మినహాయింపు. 2004 ఐదో మ్యాచ్‌లో కూడా రాబర్ట్స్ పరిగెత్తడానికే దిగాడు. దాని గురించి రేపు రాస్తా, ఇవాళ ఇంట్లో గ్యాస్ బండ వచ్చింది.