వైణికుడు అని రాయవచ్చునా?

అడిగినవారు: ల్యూట్ అనే పాత యూరప్ తీగవాద్యం వాయించే హాప్‌కిన్సన్ స్మిత్ గురించి పరిచయ వ్యాసం రాస్తున్నాను. 1946లో న్యూయార్క్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో సంగీతశాస్త్రం చదివి 1973లో యూరప్ చేరారు. మరుసటి ఏడాదే స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాద్యకారుడు జోర్డి సవాల్ తదితరులతో కలిసి హెస్పెరియన్ అనే సంగీత బృందాన్ని స్థాపించారు. తర్వాత ఒంటరి కచేరీల వైపు మళ్లారు. జర్మన్ స్వరకర్త బాఖ్ వయొలిన్ కృతులను ల్యూట్‌పై వాయించి రికార్డు చేశారు. ఇక్కడే ఆగిపోయాను. ల్యూట్‌ను వీణ అనవచ్చునా? ఆయనను వైణికుడు అంటే సరిపోతుందా?

ఒక సభ్యురాలు: వద్దండీ. బొబ్బిలి వీణ కుండను పనస దుంగ తొలిచి చేస్తారు. ల్యూట్ కడుపు సన్నని చెక్క బద్దలు వంచి అతికించిన డొప్ప. మన మెట్లు మైనంలో దిగి కదలకుండా ఉంటాయి. దాని మెట్లేమో మెడ చుట్టూ ముడివేసిన పేగు తీగలు, కావాలంటే జరుపుకోవచ్చు. వైణికుడు అనగానే పాఠకుడికి ఇవేవీ కనిపించవు.

మరొక సభ్యుడు: అసలు ల్యూట్ అనే మాట మన ఇంట్లోనే ఉంది. అరబ్బీలో ‘ఊద్’ అంటే కర్ర. ముందు ‘అల్’ చేరి ‘అల్ ఊద్’ అయింది. స్పెయిన్ వారి నోట ‘లౌద్’గా, ఇంగ్లీషులో ‘ల్యూట్’గా మారింది. ఆ మొదటి లకారం ‘అల్’ తాలూకు తోక. అదే ఊద్, సువాసన కర్రకు పేరై మన దగ్గరికి వచ్చింది. ఊదువత్తిలోని ఊదు అదే. నోటితో ఊదడానికీ దానికీ చుట్టరికం లేదు!

అడిగినవారు: అయితే ‘ఊదు వాద్యం’ అందామా?

మరొక సభ్యుడు: అంటే నాదస్వరం అనుకుంటారు మహాశయా. ల్యూట్ అనే ఉంచండి.

ఒక సభ్యురాలు: ఇంగ్లీషులో ‘ఎర్లీ మ్యూజిక్’ అనే ఈ పాత యూరప్ సంగీతాన్ని ‘ప్రాచీన సంగీతం’ అనికూడా రాయకండి. స్మిత్ బరోక్ గిటార్ (ఆ కాలపు యూరప్ గిటార్)పై వాయించిన గాస్పార్ సాన్జ్ రచనల గ్రంథం స్పెయిన్‌లోని సరగోసాలో 1674లో వెలువడింది. తంజావూరులో విజయరాఘవ నాయకుడు పోయిన మరుసటి ఏడాది. ఆయన కొలువు చూసిన క్షేత్రయ్యను మనం ప్రాచీనుడు అంటామా? ‘పదిహేడో శతాబ్దపు సంగీతం’ అంటే చాలు.

అడిగినవారు: సరే. క్రియ సంగతేమిటి? ల్యూట్‌కు ‘మీటు’ చక్కగా అతుకుతుంది. బరోక్ గిటార్‌కు ఐదు జంటల తీగలు. ఒక్కొక్క తీగను మీటడమే కాక, అన్నిటినీ ఒక్క విసురులో పలికించడం కూడా ఉంది. దానికి మాట దొరకడం లేదు.

ఒక సభ్యురాలు: ‘దువ్వు’ బాగుంటుందేమో. తీగలను కిందికీ పైకీ దువ్వారు.

మరొక సభ్యుడు: మీసం గుర్తొస్తోందమ్మా. అయినా ‘వైణికుడు’ కంటే నయం, రాసేయమనండి.