సి డ్రైవు ఎర్రబడింది: తుడుచుకుంటూ నెట్టుకురావాలా, డి డ్రైవు తీసేసి కలిపేయాలా?

చీపురుపల్లి నెట్ సెంటర్

అందరికీ నమస్కారం. రైల్వే స్టేషన్‌కి వెళ్లే దారిలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఉద్యోగాల దరఖాస్తులు, పరీక్ష ఫీజులు, హాల్‌టికెట్లు, జిరాక్సు. లాప్‌టాప్ కొని మూడేళ్లయింది. పెట్టె మీద 256 జీబీ అని ఉంటే లోపల 238 చూపిస్తుంది. అమ్మిన షాపులోనే సి డ్రైవుకి 80 ఉంచి, మిగతాది డి డ్రైవుగా కోసి ఇచ్చారు. అప్పట్లో మంచిదే అనుకున్నాను.

మొన్న ఒక కుర్రాడు దరఖాస్తు ఆఖరి రోజున వచ్చాడు. ఫొటో ఎక్కిస్తుండగా బ్రౌజరు ఆగిపోయింది. చూస్తే సి డ్రైవు గీత ఎర్రగా ఉంది, మిగిలింది 1.2 జీబీ. డి డ్రైవులో మాత్రం 140 జీబీ ఖాళీ. గాదెలో ధాన్యం ఉండి గిన్నెలో గింజ లేనట్టు. ఆ కుర్రాడు సైకిలెక్కి ఇంకో సెంటర్‌కి పరిగెత్తాడు. వాడి పని అయిందో లేదో నాకిప్పటికీ తెలీదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

షాపాయన ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నారు. మా అక్క కొడుకు క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేసుకో పిన్నీ అంటున్నాడు. ఇంకొకరు డి డ్రైవు తీసేసి రెండూ కలిపేయమంటున్నారు. ఎవరి మాట వినాలి? కారణంతో సహా చెప్పండి, పుణ్యముంటుంది.

ఆమదాలవలస బీటెక్

అక్కా, ఫార్మాట్ అక్కర్లేదు. నాది 128 జీబీ లాప్‌టాప్, ఇదే కష్టం నేనూ పడ్డాను. టెంప్ ఫోల్డరు ఖాళీ చేశాను, హైబర్నేషన్ (తెరిచిన పని ఉన్నది ఉన్నట్టు డిస్కులో దాచి మిషన్ ఆపేసే పద్ధతి) ఆపేశాను, ఒక క్లీనర్‌తో రిజిస్ట్రీ కూడా శుభ్రం చేశాను. విండోస్ ఫోల్డరు లోపల ఇన్‌స్టాలర్ అని దాక్కున్న ఫోల్డరు ఉంటుంది, అది తీసేస్తే నాకు ఒక్కదెబ్బకి 6 జీబీ వచ్చింది. పది నిమిషాల పని.

బొబ్బిలి సర్వీస్ బెంచి

తమ్ముడూ, నువ్వు సాయం చేయాలనే చెప్పావు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఇన్‌స్టాలర్ ఫోల్డరు మాట ఆవిడ చేసేలోపు నేను అడ్డుపడాలి. అది చెత్త కాదు. మనం వేసుకున్న ప్రోగ్రాముల్లో చాలావాటికి సంబంధించిన మూల ఫైళ్లు, ప్యాచ్‌లు అందులో ఉంటాయి. అవి లేకపోతే ఇవాళ ఏమీ కాదు. ఆరు నెలలకి ఎంఎస్ ఆఫీసుకో మరోదానికో అప్‌డేట్ వస్తుంది, మూల ఫైలు దొరకట్లేదు అంటుంది. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ కూడా అవదు. నా బెంచి మీదకి అలాంటి మిషన్లు వచ్చాయి, చివరికి మొత్తం కొత్తగా వేయాల్సి వచ్చింది. నీ లాప్‌టాప్‌లో ముఖ్యమైన పని ఉంటే ఇప్పుడే బ్యాకప్ తీసి పెట్టుకో.

రిజిస్ట్రీ శుభ్రం చేస్తే మిగిలేది జీబీలు కాదు, మహా అయితే కొన్ని ఎంబీలు. దానికోసం విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే కీలకమైన పట్టీలో చెయ్యి పెట్టించుకోవడం నాకు నచ్చదు. పైగా క్లీనర్లంటే మన సిస్టమ్ తాళాలన్నీ పరాయివాళ్ల చేతికివ్వడమే. 2017లో సీసీ క్లీనర్ 5.33 వెర్షన్ ఇన్‌స్టాలర్‌లోకి దుండగులు మాల్వేర్ చొప్పించారు. కంపెనీ సొంత సైటు నుంచి దించుకున్నవాళ్లకే, 20 లక్షల పైచిలుకు కంప్యూటర్లకి అది చేరింది. విండోస్‌లోనే డిస్క్ క్లీనప్, స్టోరేజ్ సెన్స్ ఉండగా బయటివాళ్లెందుకు?

చీపురుపల్లి అమ్మా, నా మాట ఒక్కటే. ముందు కొలవండి. ఒంట్లో బాగోలేదని వస్తే పరీక్ష చేయకుండా మాత్ర ఇచ్చే డాక్టరు దగ్గరికి మనం మళ్లీ వెళ్లం కదా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాన్లో స్టోరేజ్ తెరవండి, ఏది ఎంత తింటోందో రాస్తుంది. ఇంకా వివరం కావాలంటే విన్‌డర్‌స్టాట్ గానీ విజ్‌ట్రీ గానీ వేసి చూడండి. ఆ లెక్క ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

లెక్క చూసేటప్పుడు ఒక సంగతి. విండోస్ ఫోల్డరులో విన్ ఎస్ఎక్స్ఎస్ అని కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో దాని సైజు చూసి గుండె ఆగినంత పనవుతుంది. అది నిజం లెక్క కాదు. అందులోని ఫైళ్లు చాలావరకు విండోస్‌లోనే సిస్టమ్32 అనే ఇంకో ఫోల్డరులో ఉన్నవే. ఒకే మనిషిని బడిలో ఒక పేరుతో, ఇంట్లో ముద్దుపేరుతో పిలిస్తే జనాభా లెక్కల్లో ఇద్దరని రాసుకున్నట్టు, ఎక్స్‌ప్లోరర్ ఒకే ఫైలుని రెండుసార్లు లెక్కేస్తుంది. దాన్ని చేత్తో తుడిచారంటే విండోస్ లేవదు. డిస్క్ క్లీనప్‌లో 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కితే, అక్కడ 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' అనేది పనికిరాని పాత భాగాల్ని పద్ధతిగా తీస్తుంది.

పలాస జీడి లెక్కలు

కొలవమన్న మాటకి ఒప్పుకుంటాను. రెండు విషయాల్లో మాత్రం నాది వేరే దారి.

ఒకటి, హైబర్నేషన్. దాని ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం తింటుంది, 8 జీబీ ర్యామ్‌కి 3.2 జీబీ. అంతే కదా అని ఆపించేస్తారు. మాది జీడిపప్పు లెక్కలు రాసే ఆఫీసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తోటలన్నీ నేలకి ఒరిగిపోయాయి, కరెంటు స్తంభాలు వరసగా పడ్డాయి. మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తెల్లవారుజామున యూపీఎస్ ఆఖరి కూతలు వేస్తుంటే, మిషన్ దానంతటదే హైబర్నేట్‌లోకి వెళ్లింది. కరెంటు వచ్చాక తెరిస్తే, సగం కొట్టిన వోచరు దగ్గర కర్సరు అలాగే మిణుకుమంటోంది. మా ప్రాంతంలో ఆ 3 జీబీ దండగ కాదండీ. ఫైలు మరీ బరువనిపిస్తే రెడ్యూస్డ్ అనే రకం పెట్టుకోవచ్చు, 20 శాతానికి దిగుతుంది. అయితే దానితో మిషన్ త్వరగా తెరుచుకునే ఫాస్ట్ స్టార్టప్ ఒక్కటే మిగులుతుంది, పూర్తి హైబర్నేట్ ఉండదు. తెలిసి చేసుకోండి.

రెండోది, డి డ్రైవు. దాన్ని తీసేయమన్నది ఎవరో గానీ, విండోస్ పాడై ఫార్మాట్ కొట్టించుకున్న అనుభవం వాళ్లకి లేనట్టుంది. నాకు రెండుసార్లు విండోస్ పోయింది. రెండుసార్లూ సి మాత్రమే తుడిచారు, డి లో ఉన్న ట్యాలీ డేటా చెక్కుచెదరలేదు. మన షాపులవాళ్లు ఏళ్ల తరబడి ఇలా కోసి ఇస్తున్నది ఊరికే కాదు.

నరసన్నపేట పెళ్లిళ్ల స్టూడియో

జీడి లెక్కల అన్నయ్యా, మీ అనుభవం మీది, కాదనను. నాది వినండి.

నేనూ మీలాగే డి డ్రైవుని బీరువా అనుకున్నాను. మూడు పెళ్లిళ్ల వీడియోలు అందులోనే. ఒక సాయంత్రం లోపలి డిస్కు, అదే ఎస్ఎస్‌డీ, పోయింది. సి, డి అని మనం గీసుకున్న గీత కాగితం మీద గీతలాంటిది. రెండూ ఒకే చిప్పు ముక్క మీద ఉంటాయి, ఒకటి పోతే రెండోదీ పోతుంది. ఒక అమ్మాయి తండ్రి అప్పగింతల తర్వాత రెండు నెలలకే కాలం చేశారు. ఆయన మాట్లాడిన వీడియో నా దగ్గర ఒక్కచోటే ఉండేది. పోయిందని ఆ అమ్మాయికి నేను ఎలా చెప్పానో నాకే తెలుసు. ఇలా కోసిన ముక్క, అదే పార్టిషన్, బ్యాకప్ కాదు. ఇది మాత్రం అందరూ నమ్మాలి.

ఇంకో సంగతి, వీడియో పని చేసేవాళ్లకి. మీరు ప్రాజెక్టులన్నీ డి లో పెట్టినా ఎడిటింగ్ ప్రోగ్రాం ప్రీమియర్ తన మీడియా క్యాష్‌ని, అంటే పని కోసం తయారు చేసుకునే తాత్కాలిక ఫైళ్లని, సి డ్రైవులోనే, యాప్‌డేటా రోమింగ్‌లో అడోబీ ఫోల్డరు కింద పోగేస్తుంది. నాకు అదొక్కటే 31 జీబీ. ప్రోగ్రాం మూసేసి తుడిచేయవచ్చు, కావలసినప్పుడు మళ్లీ తయారు చేసుకుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో దాని చోటు కూడా మార్చుకోవచ్చు. సి డ్రైవు 80 జీబీకి కోస్తే సరిపోతుందన్న లెక్క ఇలాంటివాటితోనే తప్పుతోంది. ప్రోగ్రాములు మన గీతల్ని చూడవు.

పలాస జీడి లెక్కలు

ఆ అమ్మాయి సంగతి చదివి మనసు కలుక్కుమంది. బ్యాకప్ వేరే ఉండాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం, నేను రోజూ పెన్‌డ్రైవులో తీస్తాను కాబట్టి దాని ఊసెత్తలేదు. కానీ చిప్పు పోవడం అరుదు, విండోస్ పాడవడం తరచు. తరచు వచ్చే జ్వరానికి ఇంట్లో మందు ఉంచుకోవడం తప్పెలా అవుతుంది? డి ఉండనివ్వండి అనే నా వాదన.

చీపురుపల్లి నెట్ సెంటర్

రాత్రి షట్టరు వేశాక కూర్చుని కొలిచాను. సుమారు లెక్క ఇది: విండోస్ 27, ప్రోగ్రాములు 11, పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది) 5, హైబర్నేషన్ 3 పైన, రిస్టోర్ పాయింట్లు (విండోస్‌ని వెనకటి స్థితికి తెచ్చేందుకు దాచినవి) 3, నా యూజర్ ఫోల్డరు 29.

ఆ 29లో ఏముందో తెరిచి చూశాను. వాట్సాప్ డెస్క్‌టాప్ ఒక్కటే 9. జనం పంపిన ఫొటోలు, పండగ శుభాకాంక్షల వీడియోలు అన్నీ దాన్లోనే. డౌన్‌లోడ్స్ 11. అందులో మూడేళ్ల కాగితాలు ఉన్నాయి: ఆధార్ కార్డులు, పదో తరగతి మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌పుస్తకం మొదటి పేజీలు. ఒక్కొక్కటీ చిన్నదే, వేలల్లో ఉన్నాయి. చోటు సంగతి అటుంచండి, ఇన్ని ఊళ్లవాళ్ల వివరాలు నా బల్ల మీద పడున్నాయని ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. మిషన్ ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటే?

అరసవల్లి రిటైర్డ్ మాస్టారు

అమ్మా, నువ్వు సరైన చోట ఆగావు. నా పింఛను కాగితాలు కూడా ఇలాగే ఏదో ఒక సెంటర్ మిషన్‌లో ఉండి ఉంటాయి. జీబీల కోసం కాకపోయినా అవి తుడవాలి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి తల్లీ, లేకపోతే అవి ఉన్నట్టే.

బొబ్బిలి సర్వీస్ బెంచి

ఇప్పుడు రోగం తెలిసింది. మీ సి డ్రైవుని నింపింది విండోస్ కాదు. దాని 27 దానికి కావాలి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అడిగే కనీస స్టోరేజే 64 జీబీ, అలాంటిది 80లో విండోస్, పని రెండూ ఇరికించారు.

అప్‌డేట్లకి కూడా ఖాళీ కావాలి. పెద్ద అప్‌డేట్ పడ్డప్పుడు పాత విండోస్‌ని విండోస్.ఓల్డ్ అని పక్కన పెడుతుంది, వెనక్కి వెళ్లడానికి 10 రోజులు గడువిచ్చి తర్వాత దానంతటదే తీసేస్తుంది. మీకు ఆ చోటే లేదు.

డి తీసేయాలా అంటే, జీడి లెక్కల గారు నన్ను క్షమించాలి, ఈవిడ విషయంలో తీసేయాలనే అంటాను. విండోస్ పాడైతే ఇప్పుడు 'రీసెట్ దిస్ పీసీ'లో మన ఫైళ్లు ఉంచమనే వీలుంది, ప్రోగ్రాములే పోతాయి. ఒకప్పుడు డి డ్రైవు చేసిన పని ఇప్పుడు అది చేస్తోంది. 238 జీబీలో గోడ కట్టి, ఒక గదిలో ఊపిరాడక, ఇంకో గది ఖాళీగా పెట్టుకోవడం నష్టమే. లెక్కల ఆఫీసులో డేటా అంతా క్రమం తప్పక డి లో పెట్టే మనిషి ఉన్నచోట ఆయన పద్ధతి నడుస్తుంది. అది ఒప్పుకుంటాను.

తీసేముందు డి లో ఉన్నదంతా బయటి డ్రైవులోకి వెళ్లాలి, వెళ్లాక నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డ్రైవులోని డేటాకి వేసే తాళం, ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. చాలామంది ఈ కీ లేకుండా నా దగ్గరికి వచ్చి ఏడ్చారు, నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి డ్రైవుని డిలీట్ చేసి, సి మీద 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కండి. సి పక్కనే ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది. మధ్యలో విండోస్ మరమ్మతు కోసం ఉంచిన రికవరీ పార్టిషన్ అడ్డుంటే ఆ మాట మసకగా కనిపిస్తుంది. అప్పుడు అక్కడితో ఆపేసి నాకు ఇక్కడే రాయండి, తోచింది నొక్కకండి.

డి ఉంచేయాలనుకుంటే, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ మార్చుకోవచ్చు. ముందు డి లో వాటి పేర్లతో విడి ఫోల్డర్లు చేసి, వాటిని చూపించాలి. ఫోల్డరు కాకుండా నేరుగా డి డ్రైవునే చూపిస్తే మొత్తం డి డ్రైవే డాక్యుమెంట్స్ అయి కూర్చుంటుంది. పాత ఫైళ్లు కూడా తరలించాలా అని అడిగితే అవునన్నదే నొక్కండి. 2018 అక్టోబరులో వచ్చిన 1809 అప్‌డేట్ గుర్తుందా? చోటు మార్చి, ఫైళ్లు పాతచోటే వదిలేసిన కొందరివి అది తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్ని రోజుల్లోనే ఆపాల్సి వచ్చింది.

ఆమదాలవలస బీటెక్

అన్నా, ఇన్‌స్టాలర్ ఫోల్డరు సంగతి నిజంగా తెలీదు. ప్రాజెక్టు బ్యాకప్ తీసుకున్నాను. అక్కా, ఆ ఒక్కటి చేయొద్దు.

చీపురుపల్లి నెట్ సెంటర్

ఆదివారం చేసింది రాస్తున్నాను. వాట్సాప్‌లో స్టోరేజ్ చూసి పెద్ద వీడియోలు తీసేశాను. డౌన్‌లోడ్స్‌లో నా సెంటర్ లైసెన్సు కాగితాలు, రసీదులు పక్కకి తీసి మిగతావన్నీ తుడిచి, బిన్ ఖాళీ చేశాను. డిస్క్ క్లీనప్‌తో అప్‌డేట్ల చెత్త 4 పోయింది. హైబర్నేషన్ ముట్టుకోలేదు, పలాస అన్నయ్యగారి వోచరు గుర్తొచ్చింది. సి లో ఇప్పుడు 22 జీబీ ఖాళీ, గీత నీలంగా మారింది. ఆగిపోయిన అప్‌డేట్ కూడా రాత్రి ఎక్కింది.

డి ఇంకా తీయలేదు. బయటి డ్రైవు ఆర్డరు పెట్టాను, అది వచ్చి, కాపీ అయి, తెరిచి చూసుకున్నాకే. 48 అంకెల కీ మాత్రం రాసుకుని ఇంట్లో బీరువాలో పెట్టాను.

కౌంటరు మీద ఒక కాగితం అతికించాను: "మీ పని పూర్తవగానే మీ కాగితాలు మా కంప్యూటర్ నుంచి మీ ఎదుటే తీసేస్తాం." పొద్దున ఒక పెద్దాయన అది చదివించుకుని, "అయితే నా కళ్ల ముందే తీసీ అమ్మా, సూస్తాను" అని స్టూలు లాక్కుని కూర్చున్నారు.

పలాస జీడి లెక్కలు

డ్రైవు వచ్చాక కాపీ చేసి, ఒక రోజు ఆగి, ఇంకో మిషన్‌కి తగిలించి తెరిచి చూడండమ్మా. అప్పుడు డి తీసేసినా నేను మాట్లాడను.