ముప్పై సిస్టమ్‌ల ఆఫీసుకి ఫైర్‌వాల్ పెట్టె కొనాలా, పాత పీసీలో పీఎఫ్‌సెన్స్ సరిపోతుందా?

బెజవాడ_సిస్టమ్స్ (మంగళవారం, ఉదయం 10:12)

మాది గవర్నర్‌పేటలో ఆడిటర్ ఆఫీసు. 28 సిస్టమ్‌లు, ఒక సర్వరు, రెండు ఫైబర్ లైన్లు. ఒకటి పోతే రెండోదానికి కేబుల్ చేత్తో మార్చుకుంటాం. ఇన్నాళ్లూ లైను వాళ్లిచ్చిన రౌటరే మాకు దిక్కు. పోయిన నెల పక్క బిల్డింగులో ఒక ఆఫీసు ఫైళ్లన్నిటికీ రాన్సమ్‌వేర్ (డబ్బిస్తేనే ఫైళ్లు విప్పుతాననే వైరస్) తాళం వేసింది. అప్పట్నుంచి మా సార్‌కి నిద్ర లేదు, ఆయనకి లేదు కాబట్టి నాకూ లేదు.

డీలరు ఫోర్టిగేట్ 60ఎఫ్ అనే ఫైర్‌వాల్ పెట్టెకి (నెట్‌కీ మన సిస్టమ్‌లకీ మధ్య కాపలా కాసేది), మూడేళ్ల లైసెన్సుతో కొటేషన్ ఇచ్చాడు. అందులో పెట్టె కంటే లైసెన్సు ఖరీదే ఎక్కువ. మా జూనియర్ కుర్రాడేమో "మూలన పడున్న ఐ5 పీసీ మీద పీఎఫ్‌సెన్స్ వేసేస్తాను, ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు సార్" అంటాడు. సార్ వాళ్ల బావమరిదిది ఇంకో పాట: "విండోస్‌లో ఒక ఫైర్‌వాల్ ఉంది, యాంటీవైరస్‌లో ఒకటుంది, మళ్లీ మూడోది దేనికి?" శనివారంలోగా తేల్చాలి. చెప్పండి.

ర్యాక్_రాజా

ముందే చెప్పేస్తున్నా, నేను ఈ పెట్టెలు అమ్మే చోటే ఇంజినీరుగా చేస్తున్నాను. నా మాటలో ఆ మేరకు తరుగు తీసేసుకోండి.

పెట్టె కొనండి. ఐ5 మీద నడవదని కాదు, బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆ కుర్రాడు ఉన్నన్నాళ్లూ. సంక్రాంతికల్లా అతనికి మాదాపూర్‌లో ఉద్యోగం వస్తుంది. తర్వాత సెప్టెంబరు 30 ముందు మీరంతా ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులు ఎక్కించే వారంలో నెట్ ఆగిందనుకోండి, ఏ రూలు ఎందుకు పెట్టాడో చెప్పే నాథుడుండడు. పెట్టెకైతే ఫోన్ చేయడానికి ఒక నంబరుంటుంది, చెడిపోతే వేరేది పంపిస్తారు, దాని మీద చెయ్యి తిరిగినవాళ్లు విజయవాడలోనే దొరుకుతారు. పైగా రెండు లైన్లూ దానికే తగిలిస్తే కేబుల్ పీకి పెట్టే పని తప్పుతుంది.

ఫ్రీబీఎస్‌డీ_పిచ్చోడు

రాజా గారూ, ముందే చెప్పుకున్నందుకు దండం. కానీ రెండు లైన్ల ఫెయిలోవర్ (ఒకటి పోతే దానంతటదే రెండోదానికి మారడం) పీఎఫ్‌సెన్స్‌లోనూ గేట్‌వే గ్రూపు పేరుతో ఎప్పట్నుంచో ఉంది, దాన్ని పెట్టె గొప్పగా చూపించకండి.

అసలు "హార్డ్‌వేర్ ఫైర్‌వాల్" అన్న పేరే సగం మాయ. పెట్టె విప్పితే లోపల ఉండేదీ ప్రాసెసరూ, మెమరీ, వాటి మీద ఒక ఆపరేటింగ్ సిస్టమే. పీఎఫ్‌సెన్స్ కూడా నిన్న మొన్న పుట్టింది కాదు. 2003లో మోనోవాల్ అనే ఉచిత ఫైర్‌వాల్ మొదలైంది, 2004లో దాన్నుంచి పీఎఫ్‌సెన్స్ చీలింది, 2015లో పీఎఫ్‌సెన్స్ నుంచి ఓపీఎన్‌సెన్స్ చీలింది. అడుగున ఉన్నదంతా ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే.

ఇక వేగం. 60ఎఫ్ డేటాషీట్ తెరవండి. పైన పెద్దక్షరాల్లో ఫైర్‌వాల్ త్రూపుట్ (సెకనుకి దాటించే డేటా) 10 గిగాబిట్లు. కాస్త కిందికి రండి, థ్రెట్ ప్రొటెక్షన్ 700 మెగాబిట్లు. ఆ 10 అన్నది ప్రత్యేకంగా చేసిన చిప్పు చూపించే జోరు: ఈ చిరునామా నుంచి ఆ పోర్టుకి వదలాలా వద్దా, అంతవరకే. వైరస్ వెతకడం, దాడుల్ని పసిగట్టి ఆపే ఐపీఎస్, ఏ అప్లికేషనో పోల్చుకోవడం, అన్నీ ఆన్ చేశాక మిగిలేది 700. మీ 28 మందికి అది ఎక్కువే, కాదనను. కానీ మీరు డబ్బు కట్టేది ఆ రెండో అంకెకి, డీలరు వేలు పెట్టి చూపించేది మొదటిది.

"పెట్టె కాబట్టి భద్రం" అనేవాళ్లు ఇదీ వినండి. ఫోర్టిగేట్ వీపీఎన్‌లో (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) 2018 నంబరుతో బయటపడ్డ ఒక రంధ్రానికి 2019లోనే ప్యాచ్ వచ్చింది. అయినా 2021 సెప్టెంబరులో దాదాపు 87,000 పెట్టెల వీపీఎన్ పాస్‌వర్డ్‌లు బయట పడ్డాయి. 2020 ఏప్రిల్‌లో సోఫోస్ కంపెనీ ఎక్స్‌జీ ఫైర్‌వాల్‌ల మీద దాడి జరిగింది. 2024 ఏప్రిల్‌లో పాలో ఆల్టో కంపెనీ ఫైర్‌వాల్‌ల వంతు. కాపలాకి పెట్టుకున్నవాడి జేబులోంచే తాళాలు పోయాయన్నమాట.

ర్యాక్_రాజా

ఆ 87,000 ఎందుకు పోయాయి? ప్యాచ్ వేయని బద్ధకం వల్ల. ప్యాచ్ వేశాక పాస్‌వర్డ్‌లు మార్చనివాళ్లవీ వాటిలో ఉన్నాయి. పెట్టెకే అప్‌డేట్ వేయనివాడు పీఎఫ్‌సెన్స్‌కి వేస్తాడా? మీరు ఏకరువు పెట్టినవన్నీ నా పక్షానికే పనికొస్తాయి.

ఆ పాత ఐ5 సంగతి కూడా మాట్లాడదాం. బోర్డు మీదున్న నెట్ కార్డు ఏమిటి? రియల్‌టెక్ అయితే ఫ్రీబీఎస్‌డీ మీద లోడు పడ్డప్పుడు అది పెట్టే తిప్పలు మీకే బాగా తెలుసు. ఇంటెల్ రెండు పోర్టుల కార్డు కొనాలి. హార్డ్ డిస్క్ ఎనిమిదేళ్ల నాటిది, ఎస్‌ఎస్‌డీ మార్చాలి. పీసీకి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. "పైసా ఖర్చు లేదు" అన్నది అప్పుడే ఎక్కడికి పోయింది?

ఫ్రీబీఎస్‌డీ_పిచ్చోడు

కార్డు విషయం ఒప్పుకుంటాను. ఇంకోటి నేనే చెప్తాను, మీరు అడగకపోయినా. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయి ఉంది, పీఎఫ్‌సెన్స్ పీసీ టప్పున ఆగింది. కరెంటొచ్చాక లేవలేదు. మానిటర్ తగిలించి చూస్తే తెల్లక్షరాల్లో "సింగిల్ యూజర్ మోడ్" అని నా మొహం చూస్తోంది. పాత యూఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్. డిస్క్ బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ నాలుగుసార్లు కొడితే గానీ దారికి రాలేదు. ఆఫీసంతా నా వెనకాల నిలబడి ఉంది. అప్పట్నుంచి జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ తప్ప వేరేది వేయను, కాన్ఫిగ్ ఫైలు పెన్ డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి. కాబట్టి పాత పీసీ వద్దు, నాలుగు ఇంటెల్ పోర్టులున్న ఫ్యాన్ లేని చిన్న పీసీ కొనండి. మన దుమ్ములో ఫ్యాన్ ఉన్నది రెండు వేసవులు దాటితే గొప్పే.

కూకట్‌పల్లి_కేబుల్

మీరిద్దరు గేటు కాడ కొట్లాడుతున్నరు, ఇంట్ల తలుపులన్ని బార్లా తెరిచే ఉన్నయ్.

మా ఆఫీసుల మంచి పెట్టెనే వెట్టినం. ఒకతను ఇంటికాడికెల్లి పెన్ డ్రైవ్ తెచ్చిండు. ఆ ఒక్క సిస్టమ్ నుంచి పదకొండిటికి పాకింది. పెట్టె లాగ్ (ఏమేం జరిగిందో రాసుకునే చిట్టా) తెరిస్తే ఏం లేదు. ఎట్లుంటది? ఒకే స్విచ్చి మీదున్న రెండు సిస్టమ్‌లు మాట్లాడుకుంటే ఆ ట్రాఫిక్ ఫైర్‌వాల్ దాకా పోనే పోదు, స్విచ్చే ఇటుకెల్లి అటు మలుపుతది. వానాక్రై రాన్సమ్‌వేర్ యాదికుందా? 2017 మే 12. మైక్రోసాఫ్ట్ మార్చి 14కే ప్యాచ్ ఇచ్చింది, ఎవ్వరు వెయ్యలే. ఫైళ్లు పంచుకునే 445 పోర్టు మీద ఒక సిస్టమ్‌ల నుంచి ఇంకోదాంట్లకు దూకుకుంట పోయింది. ఆంధ్రల కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు సుత తగిలింది. దాన్ని లోపల ఆపేది ఆ బావమరిది సారు చెప్పిన విండోస్ ఫైర్‌వాలే. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చిన 2004 నుంచి అది పుట్టుకతోనే ఆన్ ఉంటది. మరి మీ కాడ ఆన్ ఉందా? వొయ్యి చూడున్రి. నేను చూస్తే 22ల 19 ఆఫ్ ఉండె. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించెటోడు వొచ్చినప్పుడల్లా, సర్వరు దొరుకుతలేదని మొత్తం ఫైర్‌వాలే బంద్ వెట్టి పోయిండు. ఒక్క పోర్టు తెరిస్తే అయిపోయే పని.

బెజవాడ_సిస్టమ్స్

కూకట్‌పల్లి అన్నా, మీరు చెప్పాక లంచ్ టైంలో తిరిగి చూశాను. 28లో 24 ఆఫ్. నాలుగు ఆన్ ఉన్నవి ఈ ఏడాది కొన్నవి, ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు. సర్వరుది కూడా ఆఫే. పైగా ఎవరో ఇంటినుంచి పని చేయడానికి రౌటర్లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్‌ది, దూరం నుంచి సిస్టమ్ నడిపేది) నేరుగా సర్వరుకి తెరిచి పెట్టారు. నేను చేరకముందు నుంచీ ఉందట.

ర్యాక్_రాజా

అమ్మ బాబోయ్. ఈ చర్చ ఆపి ముందు ఆ 3389 మూసెయ్యండి. ఈ రోజే. రిమోట్ డెస్క్‌టాప్‌ని అలా బయటికి తెరిస్తే రాన్సమ్‌వేర్ వాళ్లకి ఎదురెళ్లి బొట్టు పెట్టి పిలిచినట్టే. ఇంటినుంచి పని కావాలంటే వీపీఎన్ లోపలికి రావాలి, అది పెట్టెదైనా సరే, పిచ్చోడు గారి ఉచిత వీపీఎన్ వైర్‌గార్డ్ అయినా సరే.

ఫ్రీబీఎస్‌డీ_పిచ్చోడు

ఈ ఒక్కదాంట్లో రాజా గారూ నేనూ ఒకటే.

లైసెన్సు సంగతి డీలర్ని గట్టిగా అడగండి. మూడేళ్లు నిండాక ఏమవుతుంది? కొన్ని పెట్టెలు వైరస్‌లని గుర్తుపట్టే సంతకాలు (సిగ్నేచర్లు) కొత్తవి తెచ్చుకోవడం మానేసి రూటింగ్ వరకు చేస్తాయి. మెరాకీ అనే ఇంకో కంపెనీ పెట్టెల పాత కో-టర్మ్ లైసెన్సు (అన్నిటికీ ఒకే గడువు) అయితే గడువు దాటి 30 రోజుల గ్రేస్ అయ్యాక ట్రాఫిక్కే ఆపేస్తుంది. వెబ్ ఫిల్టర్ కోసం డబ్బు పెడుతున్నారు కదా, అది హెచ్‌టీటీపీఎస్‌ని (గుప్తంగా నడిచే వెబ్ ట్రాఫిక్) విప్పి చూడకపోతే దానికి కనిపించేది సైటు పేరు మాత్రమే. విప్పి చూడాలంటే ప్రతి సిస్టమ్‌లో పెట్టె సర్టిఫికెట్ ఎక్కించాలి, బ్యాంకు సైట్లని మినహాయించాలి, క్రోమ్ యూడీపీ 443 మీద పక్కదారి పట్టకుండా క్విక్ అనే ప్రోటోకాల్‌ని మూయాలి. డీలర్లు పెట్టి పోయిన పెట్టెల్లో ఇది ఆన్ ఉన్నది నేను ఇంతవరకు చూడలేదు.

బెజవాడ_సిస్టమ్స్

180 రోజుల లాగ్ ఉంచాలంటున్నారు, అది మాకూ వర్తిస్తుందా?

ర్యాక్_రాజా

2022 ఏప్రిల్ 28 నాటి సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) ఆదేశం. సంఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దేశంలో ఉంచాలి. అందులో బాడీ కార్పొరేట్ (వ్యాపార సంస్థ) అన్న మాట ఉంది, కాబట్టి మాకు కాదులే అనుకోకండి. ఇంకో ముక్క, నా కడుపు నేనే కొట్టుకుంటున్నా: 60ఎఫ్‌లో డిస్క్ లేదు. డిస్క్ ఉన్నది 61ఎఫ్. 60ఎఫ్ కొంటే లాగ్‌లు వేరే సిస్లాగ్ సర్వరుకి (లాగ్‌లు దాచే సిస్టమ్) పంపుకోవాలి. దానికి మీ మూలనున్న ఐ5 చక్కగా సరిపోతుంది.

ఫ్రీబీఎస్‌డీ_పిచ్చోడు

చూశారా, ఐ5 లేకుండా మీ పెట్టెకి కూడా గడవదు.

బెజవాడ_సిస్టమ్స్ (శుక్రవారం, సాయంత్రం 6:40)

ఇప్పటివరకు అయింది ఇదీ. 3389 మూశాను. బుధవారం అన్ని సిస్టమ్‌లలో విండోస్ ఫైర్‌వాల్ ఆన్ చేసి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ పోర్టు సర్వరులో తెరిచాను. పెట్టె కొనాలనే సార్ అంటున్నారు, కానీ కొటేషన్ 61ఎఫ్‌కి మార్చమన్నారు, వీపీఎన్ పెట్టడం కూడా అందులోనే రాయించమన్నారు. కుర్రాడు అలిగాడు.

అసలు గొడవ ఇంకోటి. నిన్న పొద్దున్నుంచి జిరాక్స్ మెషీన్ స్కాన్ చేసిన కాగితాలు ఎవరి ఫోల్డర్లోకీ రావట్లేదు. సార్ నా సీటు దగ్గరికొచ్చి "ఆ ఫైర్‌వాలేదో తీసెయ్యవయ్యా బాబూ" అని రెండుసార్లు అన్నారు. ఏ పోర్టు తెరవాలి?

కూకట్‌పల్లి_కేబుల్

445. కని అన్ని సిస్టమ్‌లల్ల తెరవకు. స్కానింగ్ మొత్తం సర్వరుల ఒక్క ఫోల్డరుకు మలుపు, అక్కడ 445 రూలుల స్కోపులకు (ఎవరికి తెరవాల్నో రాసే చోటు) వొయ్యి జిరాక్స్ మెషీన్ ఐపీ, ఆ ఫోల్డరు తెరిచే సిస్టమ్‌ల ఐపీలు మాత్రమే రాయి. మెషీన్ ఐపీ రోజుకొకటి మారకుంట ఖాయం చెయ్యి ముందుగాల.