మన ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్లు కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ కోర్సు చేయాలా?

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎల్‌ఎల్‌బీ చదివి, ఒక సీనియర్ దగ్గర ప్లెయింట్లు, వకాలత్‌నామాలు రాశాను. ఇప్పుడు గ్రీన్‌కార్డుతో కాలిఫోర్నియాలో ఉంటున్నాను, పారాలీగల్‌గా (లాయర్ల కింద కేసు పనుల్లో సాయం చేసే ఉద్యోగం) పని చేయాలని గట్టిగా అనుకుంటున్నాను.

ఇక్కడి చట్టం ప్రకారం ఏబీఏ (అమెరికన్ బార్ అసోసియేషన్, అంటే అమెరికా లాయర్ల సంఘం) ఆమోదించిన కోర్సు చేయొచ్చు, లేదంటే గుర్తింపు ఉన్న కాలేజీలో పారాలీగల్ సర్టిఫికెట్‌కి లా సబ్జెక్టులే కనీసం 24 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు అటార్నీ (లాయర్) కింద ఏడాది లా పని అనుభవం, అర్హత ఉందని ఆయన రాసిచ్చే ధ్రువీకరణ ఉన్నా చాలు, కానీ ఆ అటార్నీ కనీసం మూడేళ్లుగా కాలిఫోర్నియా బార్‌లో (ఇక్కడి లాయర్ల నమోదు సంస్థ) ఉండాలి, లేదా ఇక్కడి ఫెడరల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తుండాలి. సర్టిఫికెట్ లేకుండా ఆ మొదటి ఉద్యోగం ఎవరిస్తారు? అదే నా టెన్షన్.

మా దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులున్నాయి, ఫీజు కూడా భరించగలం. కానీ దానికి ఏబీఏ ఆమోదం లేదు. లా ఆఫీసులు అది పట్టించుకుంటాయా? ఈ-ఫైలింగ్, లీగల్ రీసెర్చ్ చేతికి వచ్చేలా నేర్పుతారా? ఈ దారిలో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి, వచ్చే సెమిస్టర్‌కి చేరాలా వద్దా తేల్చుకోవాలి.