అప్‌డేట్: ఇంట్లో మార్ఫిన్ వేళలు, మలబద్ధకం

క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లే మా నర్సింగ్ పిల్లలకు మార్ఫిన్ గురించి ఏం నేర్పాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, మీ సలహాలతో పాఠం మార్చాం. మార్ఫిన్ అంటే తీవ్రమైన నొప్పికి డాక్టరు రాసే బలమైన మందు.

అసలు చిక్కు వేళల్లోనే. నొప్పి లేచాకే మాత్ర ఇస్తున్నారు ఇంట్లోవాళ్లు. మామూలు మార్ఫిన్ (నెమ్మదిగా విడుదలయ్యే రకం కాదు) పనిచేసేది సుమారు 4 గంటలే. అందుకే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. డాక్టరు అలా రాసిస్తే రాత్రి 10కి రెట్టింపు, ఇక తెల్లవారుజామున 2 గంటలకు లేపక్కర్లేదు. పాత క్యాలెండర్ వెనక గడులు గీసి గోడకు తగిలిస్తే చదువురాని అవ్వ కూడా టిక్కు పెడుతుంది.

మార్ఫిన్‌తో వికారం, మలబద్ధకం వస్తాయి. అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. వికారం వారంలో సర్దుకుంటుంది, మలబద్ధకం సర్దుకోదు. మీలో ఇసబ్‌గోల్ (నీళ్లలో ఉబ్బే పొట్టు) వద్దన్నవాళ్లదే రైటు: నీళ్లు తాగలేనివాళ్లకు అది లోపలే గడ్డకడుతుంది.

నోటిపూతకు పుక్కిలించడానికి అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, అర టీస్పూను ఉప్పు, అంతే వంటసోడా. రోజూ కొత్తగా కలపాలి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించి చూసుకునే) విభాగం ఉంది, కొత్తవాళ్లకు చెప్పండి. మనిషి పోయాక మిగిలిన మాత్రలు తెచ్చినచోటే అప్పగించాలి. పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక ఒకసారి ఆ ఇంటికెళ్లడం కూడా ఇప్పుడు డ్యూటీలో చేర్చాం.